పాత డిస్కు 'యాక్సెస్ డినైడ్' అంటోందా? ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేముందు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇల్లు. పాత విండోస్ 10 డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు పోయింది. దానిలోని 1 టీబీ హార్డ్ డిస్కు ఊడదీసి, యూఎస్‌బీ కేసులో పెట్టి, కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌కి తగిలించారు. యూజర్స్ ఫోల్డర్లో పాత పేరు మీద నొక్కితే "ఈ ఫోల్డరు చూడడానికి మీకు పర్మిషన్ లేదు" అంటోంది. కంటిన్యూ నొక్కితే పైన పచ్చగీత అరగంట పాకి, కొన్ని తెరుచుకున్నాయి, కొన్ని లేదు. పెళ్ళి ఫోటోల మీద చిన్న తాళం గుర్తు ఉంది, అవి అసలు తెరుచుకోవడం లేదు. నాన్నగారి మిర్చి కమీషన్ లెక్కల ఎక్సెల్ ఫైలు తెరుచుకుంటోంది కానీ సేవ్ కావడం లేదు. షాపులో ఒకతను "ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేయండి, సి డ్రైవుకి కూడా ఇచ్చేస్తే ఇక ఎప్పుడూ గొడవుండదు" అన్నాడట. ఇవ్వచ్చా?

ఇవ్వకండి. ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ అంటే ఆ కంప్యూటర్లో ఎవరైనా, ఏ ప్రోగ్రామైనా ఏ ఫైలునైనా మార్చగల, చెరిపేయగల అధికారం. పాత డిస్కుకి ఇవ్వడం అనవసరం, సి డ్రైవుకి ఇవ్వడం ప్రమాదం. పైగా మీరు చెప్పిన మూడు లక్షణాలకీ మూడు వేరు వేరు కారణాలున్నాయి. ఫోల్డరు తెరుచుకోకపోవడం ఒక్కటే నిజంగా పర్మిషన్ సమస్య. తాళం గుర్తు ఎన్‌క్రిప్షన్ (ఫైలుని సంకేతంగా మార్చడం) వల్ల వచ్చింది. ఎక్సెల్ సేవ్ కాకపోవడానికి సాధారణంగా పర్మిషన్లతో సంబంధమే ఉండదు. అన్నిటికీ ఒకే మందు వేస్తే మొదటిది ఎలాగోలా తగ్గుతుంది, మిగతా రెండూ అలాగే ఉంటాయి.

ముందు డిస్కు ఆరోగ్యం సంగతి. చెడిపోతున్న డిస్కు కూడా ఫోల్డర్లు తెరవనివ్వదు, కాకపోతే మాటలు వేరుగా ఉంటాయి. "ఐ/ఓ డివైస్ ఎర్రర్", "సైక్లిక్ రిడండెన్సీ చెక్", "కరప్టెడ్ అండ్ అన్‌రీడబుల్" అని కనిపిస్తే అవి పర్మిషన్ మాటలు కావు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రాం ఉంది. అందులో 05, సి5, సి6 వరసలు చూడండి. రీలొకేటెడ్, కరెంట్ పెండింగ్, అన్‌కరెక్టబుల్ సెక్టార్లవి. వాటి రా వాల్యూస్ (అసలు లెక్కలు) సున్నా ఉంటే చాలావరకు నిశ్చింత. సి5 పెరుగుతూ ఉంటే పర్మిషన్ల జోలికి పోకుండా ముఖ్యమైనవి ముందు కాపీ చేసుకోండి, డిస్కు తప్పులు దిద్దే చెక్‌డిస్క్ ప్రోగ్రాం అసలు నడపకండి. అది డిస్కుని ఇంకా గట్టిగా తిప్పుతుంది, పాడైన రికార్డులను కత్తిరించేస్తుంది కూడా. కొన్ని చవక యూఎస్‌బీ కేసులు ఈ వివరాలను బయటికి పంపవు, అప్పుడు ప్రోగ్రాం డిస్కునే చూపించదు. డెస్క్‌టాప్ డిస్కు 3.5 అంగుళాలది, దానికి 12 వోల్టుల అడాప్టర్ ఉన్న కేసే కావాలి. ఆ అడాప్టర్ని ఇన్వర్టర్ లైన్లో పెట్టండి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, డిస్కుకి ఉండదు. కరెంటు పోతే కాపీ మధ్యలో తెగేది అక్కడే. మే నెల ఎండలకి ప్లాస్టిక్ కేసులో డిస్కు వేడి 55 డిగ్రీలు దాటడం కష్టమేమీ కాదు, ఫ్యాను కింద పెట్టి పని మొదలుపెట్టండి.

ఇప్పుడు మొదటి సమస్య. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైళ్ళని అమర్చుకునే పద్ధతి) డిస్కులో ప్రతి ఫైలుకీ ఒక ఓనరు, ఎవరెవరు ఏం చెయ్యచ్చో చెప్పే ఒక జాబితా ఉంటాయి. ఆ జాబితాలో మీ పేరు ఉండదు. ఎస్-1-5-21 అని మొదలై పొడుగ్గా సాగే ఒక నంబరు ఉంటుంది, దాన్నే ఎస్ఐడీ అంటారు. ఒకే పేరున్న ఇద్దరికి ఆధార్ నంబర్లు వేరైనట్టు, పాత కంప్యూటర్లో ఏ పేరు పెట్టారో కొత్తదానిలోనూ అదే పేరు, అదే పాస్‌వర్డు పెట్టినా నంబరు మాత్రం మారిపోతుంది. అందుకే పాత ఫోల్డరు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబు తెరిస్తే "అకౌంట్ అన్‌నోన్" అని, పక్కన ఆ నంబరు కనిపిస్తుంది. అది వైరస్ అని చాలామంది కంగారుపడతారు. అది పాత కంప్యూటర్లోని మీరే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అదే జాబితాలో మరో రెండు పేర్లు ఉంటాయి: సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్. అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపు నంబరు ఎస్-1-5-32-544. ఇది ప్రపంచంలో ఏ విండోస్‌లోనైనా ఒకటే. అంటే మీ కొత్త ల్యాప్‌టాప్ అడ్మినిస్ట్రేటర్‌కి ఆ పాత ఫోల్డరు మీద ఫుల్ కంట్రోల్ ఇప్పటికే ఉంది! మరి అడ్మిన్ అకౌంట్‌తోనే లాగిన్ అయినా ఎందుకు తెరవదు? యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్) అనే కాపలా వల్ల. అడ్మిన్‌గా లాగిన్ అయినా విండోస్ మీకు రోజువారీ పనికి అధికారం కోసేసిన టోకెన్ (గుర్తింపు చీటీ లాంటిది) ఇస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ నడిచేది ఆ తక్కువ అధికారంతోనే. "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అని తెరిచిన ప్రోగ్రాముకి మాత్రమే పూర్తి అధికారం వస్తుంది.

కంటిన్యూ బటన్ చేసే పని కూడా ఇదే కోణంలో చూడండి. అది ఒక్కసారికి తలుపు తీయదు. మీ కొత్త అకౌంట్ నంబర్ని ఆ ఫోల్డరు కింద ఉన్న ప్రతి ఫైలు జాబితాలోనూ శాశ్వతంగా రాసుకుంటూ పోతుంది. మీరు చూసిన పచ్చగీత అదే. లక్ష ఫైళ్ళుంటే లక్ష చోట్ల రాయాలి. మధ్యలో విసుగొచ్చి విండో మూసేస్తే సగం ఫైళ్ళకి కొత్త జాబితా, సగానికి పాతది. మీకు కొన్ని తెరుచుకుని కొన్ని తెరుచుకోకపోవడం చాలావరకు దీనివల్లే. నష్టమేమీ జరగలేదు కానీ మళ్ళీ నొక్కాల్సిన పని లేదు.

చెయ్యాల్సింది పాత డిస్కు పర్మిషన్లు మార్చకుండా, అడ్మిన్ అధికారంతో ఫైళ్ళని కొత్త చోటికి కాపీ చేయడం. కాపీ అయిన ఫైలు పాత జాబితాని వెంట తెచ్చుకోదు, కొత్త ఫోల్డరు జాబితానే తీసుకుంటుంది. అక్కడితో పర్మిషన్ గొడవ తీరిపోతుంది, మూలం చెక్కుచెదరదు.

స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్ మీద కుడి క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. విండో పైపట్టీలో "అడ్మినిస్ట్రేటర్" అని ఉందో లేదో చూడండి, అది లేకుండా కింది కమాండు కొడితే మళ్ళీ యాక్సెస్ డినైడే వస్తుంది. కమాండులని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషులో టైపు చేయండి. గుర్తులు, ఖాళీలు, కొటేషన్లు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. ఫైళ్ళు కాపీ చేసే రోబోకాపీ విండోస్‌తోనే వస్తుంది. పాత డిస్కు ఎఫ్ అనే అక్షరంతో వచ్చిందనుకుందాం:

రోబోకాపీ "ఎఫ్:\యూజర్స్\పాతపేరు" "సి:\పాతడిస్కు" /ఇ /బి /ఎక్స్‌జె /ఆర్:1 /డబ్ల్యు:1 /యునిలాగ్:"సి:\కాపీ.టీఎక్స్‌టీ" /టీఈఈ

ఒక్కో ముక్కా ఎందుకో తెలిస్తేనే తేడా వచ్చినప్పుడు సర్దుకోగలరు. /ఇ అంటే ఖాళీ ఫోల్డర్లతో సహా అన్నీ. /బి అంటే బ్యాకప్ మోడ్, ఇందులో రోబోకాపీ పర్మిషన్ జాబితాని పట్టించుకోకుండా చదువుతుంది. అడ్మినిస్ట్రేటర్స్ పేరు తీసేసిన ఫోల్డర్లు కూడా వస్తాయి. /ఎక్స్‌జె జంక్షన్లని, అంటే వేరే ఫోల్డరుకి దారిచూపే గుర్తులని వదిలేస్తుంది. ఇది మర్చిపోతే పాత విండోస్ ప్రొఫైల్లో అప్లికేషన్ డేటా లోపల అప్లికేషన్ డేటా, మళ్ళీ దాని లోపల అదే, ఇలా దారి పొడుగెక్కి డిస్కు నిండిపోయే దాకా పోవచ్చు. /ఆర్, /డబ్ల్యు చదవలేని ఫైలు దగ్గర ఎన్నిసార్లు, ఎన్ని సెకన్ల తేడాతో ప్రయత్నించాలో చెప్తాయి. ఇవి ఇవ్వకపోతే పది లక్షలసార్లు, ఒక్కోసారికి 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది, అంటే ఒక్క చెడ్డ ఫైలు దగ్గరే ఆగిపోయినట్టు. యునిలాగ్ ఎందుకంటే, మామూలు లాగ్‌లో తెలుగు పేర్లున్న ఫైళ్ళన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపిస్తాయి. టీఈఈ ఉంటే లాగ్‌లో రాసేదే తెర మీద కూడా కనిపిస్తుంది.

రెండు చిన్న ఉచ్చులు చెప్తాను. కొటేషన్ మూసేముందు బ్యాక్‌స్లాష్ పెట్టకండి, "ఎఫ్:\" అని రాస్తే చివరి బ్యాక్‌స్లాష్ కొటేషన్‌ని మింగేసి కమాండు అర్థం మారిపోతుంది. డ్రైవు మొత్తం కాపీ చేయాలంటే కొటేషన్లు లేకుండా ఎఫ్:\ అని రాయండి. అలా డ్రైవు మొత్తం కాపీ చేసినప్పుడు గమ్యం ఫోల్డరు కనిపించకుండా పోతుంది, డ్రైవు మొదటి ఫోల్డరుకుండే హిడెన్, సిస్టమ్ గుర్తులు దానికి అంటుకుంటాయి. ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. ఏటీటీఆర్ఐబీ అనే కమాండుతో ఇలా తీసేయండి:

ఏటీటీఆర్ఐబీ -హెచ్ -ఎస్ "సి:\పాతడిస్కు"

గమ్యంగా డాక్యుమెంట్స్ ఫోల్డరు పెట్టకండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో అది చాలాసార్లు వన్‌డ్రైవ్‌కి కట్టి ఉంటుంది, ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ. 400 జీబీ అందులో పోస్తే రాత్రంతా అప్‌లోడ్ అవుతూ, కోటా నిండిందని గోల చేస్తుంది. ల్యాప్‌టాప్‌ని పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ నెవర్ అని పెట్టండి. నీలం రంగు పోర్టు సాధారణంగా యూఎస్‌బీ 3, దానిలో డెస్క్‌టాప్ డిస్కు సెకనుకి 100 ఎంబీ దాకా ఇస్తుంది, 400 జీబీకి గంటా పదినిమిషాలు. పాత యూఎస్‌బీ 2 పోర్టులో 30 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, అప్పుడు దాదాపు నాలుగు గంటలు. చిన్న చిన్న ఫైళ్ళు లక్షల్లో ఉంటే ఇంకా ఎక్కువ.

పూర్తయ్యాక చివర వచ్చే పట్టికలో ఫెయిల్డ్ అనే నిలువు వరస చూడండి. సున్నా అయితే సరే. లేకపోతే లాగ్ ఫైలు తెరిచి ఎర్రర్ అనే మాట కోసం వెతకండి. నంబర్ 5 అంటే అనుమతి లేదు, 32 అంటే ఇంకో ప్రోగ్రాం ఆ ఫైలు పట్టుకుని ఉంది, 23 అంటే డిస్కు చదవలేకపోతోంది, 1117 కూడా డిస్కు లోపమే. అదే కమాండు మళ్ళీ కొడితే అయిపోయినవి వదిలేసి మిగిలినవే చేస్తుంది, కాబట్టి కరెంటు పోయి ఆగినా భయం లేదు.

"డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్", "మై మ్యూజిక్", "మై పిక్చర్స్" లాంటివి పాత డిస్కులో మీరు ఏం చేసినా యాక్సెస్ డినైడ్ అంటాయి. వాటితో కుస్తీ పట్టకండి. అవి నిజమైన ఫోల్డర్లు కావు, పాత ప్రోగ్రాముల కోసం పెట్టిన దారిచూపే గుర్తులు, లోపల చూడనివ్వకుండా మైక్రోసాఫ్టే తాళం వేసింది. అసలు ఫైళ్ళు యూజర్స్ కింద ఉన్నాయి. ఇక వన్‌డ్రైవ్ వాడి ఉంటే కొన్ని ఫైళ్ళు పేరుకే డిస్కులో ఉంటాయి, లోపల సరుకు ఉండదు. తెరిస్తే "క్లౌడ్ ఫైల్ ప్రొవైడర్ నడవడం లేదు" అంటుంది. అవి పాత వన్‌డ్రైవ్ అకౌంట్లోకి వెళ్ళి తెచ్చుకోవాల్సినవే.

క్రోమ్ బుక్‌మార్కులు కావాలంటే యాప్‌డేటా లోపల లోకల్, గూగుల్, క్రోమ్, యూజర్ డేటా, డిఫాల్ట్ ఫోల్డర్లో బుక్‌మార్క్స్ అనే ఫైలు ఉంటుంది, అది పనికొస్తుంది. దాచుకున్న పాస్‌వర్డులు మాత్రం ఇలా రావు, పాత విండోస్ అకౌంట్ తాళంతో కట్టేసి ఉంటాయి.

ఫైళ్ళకి మిమ్మల్ని ఓనరుగా మార్చే టేక్‌ఓన్ కమాండు ఎప్పుడు వాడాలి? పాత డిస్కునే ఇకమీదట వాడుకునే డ్రైవుగా పెట్టుకుంటున్నప్పుడు, అదీ అన్నీ కాపీ అయ్యాక. అప్పుడు కూడా ఆ ఫోల్డరు వరకే చేయాలి:

టేక్‌ఓన్ /ఎఫ్ "ఎఫ్:\ఫోటోలు" /ఆర్ /డి వై

ఆ తర్వాత ఐ, సి, ఎ, సి, ఎల్, ఎస్ అక్షరాలు కలిపి రాసే కమాండు ఉంది, జాబితాలు దిద్దేది అదే. దానితో రీసెట్ చేస్తే లోపలి ఫైళ్ళ సొంత జాబితాలు పోయి పై ఫోల్డరు జాబితా అన్నిటికీ వస్తుంది:

ఐసీఏసీఎల్ఎస్ "ఎఫ్:\ఫోటోలు" /రీసెట్ /టి /సి

/టి అంటే లోపలున్నవన్నీ, /సి అంటే తప్పు వచ్చినా ఆగకుండా సాగమని. దీన్ని కొట్టేముందు ఉన్న జాబితాలు దాచుకోవాలంటే అదే కమాండుకి /సేవ్ అని ఒక ఫైలు పేరు ఇవ్వండి. తిరిగి పెట్టేటప్పుడు /రీస్టోర్‌ని ఆ ఫోల్డరు మీద కాకుండా దాని పై ఫోల్డరు మీద ఇవ్వాలి, లేకపోతే దారి దొరకలేదంటుంది. ఓనర్ అయినంత మాత్రాన ఫైలు చదవలేరు. జాబితా మార్చే హక్కు మాత్రమే వస్తుంది. టేక్‌ఓన్ చేసి "ఇంకా తెరవడం లేదే" అని ఆగిపోయేవాళ్ళు ఎక్కువ, రెండో మెట్టు ఎక్కకపోవడమే కారణం.

ఇప్పుడు పెళ్ళి ఫోటోల సంగతి, మూడిట్లో కష్టమైంది ఇదే. ఒక ఫోటో మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ నొక్కండి. "ఎన్‌క్రిప్ట్ కంటెంట్స్ టు సెక్యూర్ డేటా" పక్కన టిక్ ఉంటే అది ఈఎఫ్ఎస్, ఒక్కో ఫైలుని విడిగా ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఏర్పాటు. ఎవరో ఎప్పుడో భద్రంగా ఉంటాయని ఆ టిక్ పెట్టి ఉంటారు. విండోస్ హోమ్‌లో ఆ టిక్ పెట్టే వీలుండదు, కాబట్టి పాత కంప్యూటర్లో ఉన్నది ప్రో అయ్యుంటుంది. ఈ ఫైళ్ళలోని సరుకంతా సంకేత రూపంలో ఉంది, తెరిచే తాళంచెవి పాత విండోస్ అకౌంట్లో ఉంది. ఓనర్ మారినా, ఎవ్రీవన్‌కి ఇచ్చినా, లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసినా అవి తెరుచుకోవు. షాపుల్లో టేక్‌ఓన్ మీద టేక్‌ఓన్ చేసి సమయం వృథా చేసేది ఈ తేడా తెలియకే.

మీరు చేయాల్సింది వరసగా చెప్తాను. ముందు పాత డిస్కుని ఫార్మాట్ చేయకండి, దాని మీద కొత్త విండోస్ వేయకండి. తాళంచెవి ఉన్నది పాత ప్రొఫైల్ యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్ కింద ప్రొటెక్ట్, క్రిప్టో, సిస్టమ్‌సర్టిఫికెట్స్ అనే ఫోల్డర్లలో. ఫోటోలు కాపీ అయ్యాయి కదా అని అవి చెరిపేస్తే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. మీ పాత లాగిన్ పాస్‌వర్డు గుర్తు చేసుకోండి, ఇది లేకుండా ఆ తాళంచెవి విప్పలేం. పాస్‌వర్డ్ రీసెట్ టూల్స్ వాడకండి. లోకల్ అకౌంట్‌కి బయటినుంచి పాస్‌వర్డు మారిస్తే లాగిన్ అవుతారు, ఈఎఫ్ఎస్ ఫైళ్ళు మాత్రం మూసుకుపోతాయి. డిస్కు మొత్తానికి ఒక క్లోన్ (అచ్చు నకలు) తీయించి, ఆ క్లోన్‌ని ఇంకో డెస్క్‌టాప్‌లో పెట్టి బూట్ చేయించండి. విండోస్ 10 వేరే మదర్‌బోర్డు మీద కూడా చాలాసార్లు లేస్తుంది, డ్రైవర్లు వెతుక్కుని ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ అవుతుంది అంతే. పాత పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళాక సర్ట్‌ఎంజీఆర్ డాట్ ఎంఎస్‌సీ తెరిచి, పర్సనల్ కింద సర్టిఫికెట్స్‌లో "ఎన్‌క్రిప్టింగ్ ఫైల్ సిస్టమ్" అని ఉన్నదాన్ని ప్రైవేట్ కీతో సహా ఎగుమతి చేయండి. తాళంచెవి ఉన్న పీఎఫ్ఎక్స్ ఫైలు వస్తుంది. దాన్ని కొత్త ల్యాప్‌టాప్‌లో డబుల్ క్లిక్ చేసి చేర్చుకుంటే ఫోటోలు తెరుచుకుంటాయి. అలా తెరిచాక ఆ టిక్ తీసేయండి, పీఎఫ్ఎక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ దాచండి.

ఈలోగా ఆ ఫోటోలని తాళంతోనే కొత్త చోటికి తెచ్చుకోవాలంటే రోబోకాపీకి /ఈఎఫ్ఎస్‌రా చేర్చాలి. గమ్యం ఎన్‌టీఎఫ్ఎస్ అయ్యుండాలి, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌కి ఇది కుదరదు.

డ్రైవు మొత్తం మీద పసుపు తాళం కనిపించి, తెరిస్తే కీ అడిగితే మాత్రం అది బిట్‌లాకర్, డ్రైవు మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసేది. దానికి 48 అంకెల రికవరీ కీ కావాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో పెట్టి ఉంటే ఆ అకౌంట్ పేజీలో డివైసెస్ దగ్గర ఉంటుంది. మీ కొత్త ల్యాప్‌టాప్‌కి కూడా ఆ కీ ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోండి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెడితే, మిమ్మల్ని అడక్కుండానే ఈ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయిపోతుంది.

నాన్నగారి ఎక్సెల్ ఫైలు. ముందు పైపట్టీలో ఏం రాసి ఉందో చదవండి. "అన్‌లైసెన్స్‌డ్" లాంటి మాట ఉంటే కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ ట్రయల్ గడువు అయిపోయింది. అప్పుడు ఏ ఫైలైనా చూడనిస్తుంది, మార్చనివ్వదు. "ప్రొటెక్టెడ్ వ్యూ" ఉంటే ఫైలు వాట్సాప్ నుంచో మెయిల్ నుంచో వచ్చింది. ఫైలు ప్రాపర్టీస్‌లో కింద అన్‌బ్లాక్ టిక్ పెడితే పోతుంది. "లాక్డ్ ఫర్ ఎడిటింగ్" అంటే, ఫైలు పక్కన ~$ తో మొదలయ్యే చిన్న హిడెన్ ఫైలు మిగిలిపోయి ఉంటుంది, మదర్‌బోర్డు పోయిన రోజు ఎక్సెల్ తెరిచే ఉందేమో. ఎక్సెల్ మూసి దాన్ని చెరిపేయండి. ఇవేవీ కాకపోతే ఆ ఫైలు ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్ చూడండి. ఫైలుకి చూడమంటున్నాను. ఫోల్డరు ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ పక్కన నిండిన చతురస్రం ఎప్పుడూ ఉంటుంది, మీరు తీసేసి ఓకే నొక్కినా మళ్ళీ వస్తుంది. ఫోల్డరుకి దానికి అర్థం లేదు, వదిలేయండి.

ఇంకొకటి, అరుదు కానీ తల బద్దలు కొట్టించేది. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఉంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఎవరైనా ఆన్ చేస్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్‌లో పేరు తెలియని ప్రోగ్రాములు రాయలేవు. పాత లెక్కల ప్రోగ్రాములు, డీటీపీ ప్రోగ్రాములు "ఫైల్ నాట్ ఫౌండ్" అని అర్థంపర్థం లేని మాట చెప్తాయి. పర్మిషన్లన్నీ సరిగ్గా ఉండి సేవ్ కాకపోతే అక్కడి బ్లాక్ హిస్టరీ చూసి, ఆ ప్రోగ్రాముని అనుమతించిన జాబితాలో చేర్చండి.

నాన్నగారికి వేరే అకౌంట్ ఉంటే ఇంకో చిక్కు రావచ్చు. మీ డాక్యుమెంట్స్ నుంచి లెక్కల ఫోల్డర్ని అదే సి డ్రైవులో యూజర్స్, పబ్లిక్ లోకి కట్ చేసి పేస్ట్ చేస్తే ఆయనకి తెరుచుకోదు. ఒకే డ్రైవులో జరిపినప్పుడు ఫైలు పాత జాబితాతోనే వెళ్తుంది, కాపీ చేస్తేనే కొత్త చోటి జాబితా తీసుకుంటుంది. ఇప్పటికే జరిపి ఉంటే ఆ ఫోల్డరు మీద పైన చెప్పిన రీసెట్ కమాండు చాలు. ఒక మనిషికి అసలు ఏ హక్కులున్నాయో ఊహించుకోకుండా సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్, ఎఫెక్టివ్ యాక్సెస్ ట్యాబులో ఆయన పేరు ఇచ్చి చూడండి. పిల్లలు తెరవకూడదని యూజర్స్ గ్రూపుకి డినై టిక్ పెట్టే అలవాటు మానుకోండి. మీరూ ఆ గ్రూపులోనే ఉంటారు, డినై ముందు అలౌ నిలబడదు, మీ ఫోల్డరు మీకే మూసుకుపోతుంది. తెరవకూడని వాళ్ళ పేరు జాబితాలో లేకుండా చేస్తే సరిపోతుంది.

చివరిగా సి డ్రైవు. సి మొత్తానికి ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ ఇస్తే, ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అనే అకౌంట్ కాపాడే విండోస్ ఫైళ్ళని ఏ చిల్లర ప్రోగ్రామైనా మార్చగలదు. యూఏసీ అడ్డు ఉన్నా లేనట్టే. రీసెట్ కమాండుని సి మీద కొడితే ఇంకా ఘోరం: స్టోర్ యాప్‌లు తెరుచుకోవు, స్టార్ట్ మెనూ మొరాయిస్తుంది, అప్‌డేట్లు ఫెయిలవుతాయి. దీనికి అన్‌డూ లేదు. విండోస్ సొంత ఫైళ్ళని సరిచూసే ఎస్ఎఫ్‌సీ స్కాన్ పాడైన ఫైళ్ళని మారుస్తుంది, జాబితాలన్నీ తిరిగి పెట్టదు. షాపతని మాట మీద ఇప్పటికే చేసేసి ఉంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీకి వెళ్ళి, "ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్" ఎదురుగా ఉన్న రీఇన్‌స్టాల్ నౌ నొక్కండి. మీ ఫైళ్ళు, ప్రోగ్రాములు అలాగే ఉంచి విండోస్‌ని మాత్రం కొత్తగా వేస్తుంది. కొన్ని జీబీల డౌన్‌లోడ్ ఉంటుంది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద కాకుండా ఇంటి ఫైబర్ మీద, చార్జర్ పెట్టి చేయండి. మొదలుపెట్టే ముందు బిట్‌లాకర్ కీ రాసిన కాగితం చేతిలో ఉండాలి, మధ్యలో రీస్టార్ట్ అయినప్పుడు అడిగే అవకాశం ఉంది.